సగం చుట్టు తిరిగి ఆగిపోతున్న రైడింగ్ మోవర్: కొత్త బ్యాటరీ వేసినా ఇంజను అందుకోవడం లేదు

ఎకరం నేల (షార్లట్ దగ్గర, నార్త్ కరోలినా) – శనివారం ఉదయం
అందరికీ నమస్కారం. మా ఇంటి చుట్టూ ముప్పాతిక ఎకరం గడ్డి ఉంది. దాన్ని కోయడానికి ఆరేళ్ల క్రితం ఒక పాత రైడింగ్ మోవర్ (కూర్చుని నడిపే గడ్డికోత యంత్రం) కొన్నాను. ఇంజను ఒకే సిలిండరుది, వాల్వులు తల మీద ఉండే రకం, పదిహేడున్నర హార్స్‌పవరు. బ్లేడ్లు ఉండే కింది పెట్టె, అంటే డెక్కు, వెడల్పు 42 అంగుళాలు. నవంబరు చివర్లో ఆకులు పీల్చడానికి వాడి షెడ్డులో పెట్టాను, మళ్లీ నిన్ననే కవరు తీశాను. తాళంచెవి తిప్పితే ఒక్క 'టక్' తప్ప ఇంకేమీ వినపడలేదు. బ్యాటరీ 11.4 వోల్టులు చూపించింది. రాత్రంతా ఛార్జరు పెట్టినా నిలవలేదు కాబట్టి కొత్త బ్యాటరీ తెచ్చి వేశాను. ఇప్పుడు తాళం తిప్పితే ఇంజను సగం చుట్టు తిరిగి, గోడకు కొట్టుకున్నట్టు ఆగిపోతోంది. రెండు మూడు సార్లు ప్రయత్నిస్తే ఒకసారి దాటుకుని నాలుగు చుట్లు తిరుగుతుంది గానీ అందుకోదు. గడ్డి ఎనిమిది అంగుళాలు దాటింది, కాలనీ సంఘం వారి నుంచి మర్యాదపూర్వకమైన మొదటి ఉత్తరం కూడా వచ్చేసింది. స్టార్టరు మోటారు మార్చాలంటే దాదాపు వంద డాలర్లు అవుతుంది. అంత ఖర్చు పెట్టే ముందు మీ సలహా అడుగుదామని రాస్తున్నాను.

సత్వరం (డాలస్) – శనివారం ఉదయం
నాకూ ఇలాగే అయిందండి. సీటు కింద ఉండే స్విచ్చు పాడై ఉంటుంది. దాని రెండు తీగలను పిన్నుతో కలిపేస్తే సరిపోతుంది, అయిదు నిమిషాల పని.

గరిక (కొలంబస్, ఒహాయో) – శనివారం మధ్యాహ్నం
సత్వరం గారూ, క్షమించాలి, ఈ సలహాతో నేను ఏకీభవించలేను. మొదటి కారణం సాంకేతికమైనది: సీటు, బ్రేకు పెడలు, బ్లేడు మీట, వీటి స్విచ్చులలో ఏది అడ్డుపడినా స్టార్టరుకు కరెంటు అసలు వెళ్లదు, లేదా తిరుగుతున్న ఇంజనుకు నిప్పు ఆగిపోతుంది. అంతే గానీ ఇంజను సగం చుట్టు తిరిగి ఆగడం స్విచ్చు చేసే పని కాదు. రెండవ కారణం అంతకంటే ముఖ్యమైనది. నడిపే మనిషి సీటు మీద నుంచి పడిపోతే బ్లేడు ఆగాలన్నది అమెరికాలో రైడింగ్ మోవర్లకు వర్తించే ఏఎన్‌ఎస్‌ఐ బి71.1 ప్రమాణంలోని నిబంధన. పిన్నుతో కలిపిన సీటు స్విచ్చుతో, పిల్లలు ఆడుకునే స్థలంలో, వాలు మీద ఆ బండిని నడిపే ఊహ కూడా నాకు నచ్చదు. పరీక్ష కోసం మీటరుతో చూడవచ్చు, తీగ కలిపి మరచిపోకూడదు.

ఎకరం నేల గారూ, మీరు చెప్పిన శబ్దాలలోనే సగం సమాధానం ఉంది. ఏ శబ్దమూ రాకపోతే ఫ్యూజు, తాళం, ఆ మూడు స్విచ్చులు చూడాలి. గబగబా 'టకటకటక' అని వస్తే బ్యాటరీ నీరసంగా ఉందని అర్థం. ఒక్క గట్టి 'టక్' వచ్చి ఏమీ కదలకపోతే స్టార్టరుకు పెద్ద కరెంటు కలిపే స్విచ్చు అయిన సోలినాయిడ్‌నో, కేబుళ్లనో, స్టార్టరునో అనుమానించాలి. మీది ఈ మూడింటిలో ఏదీ కాదు, అది తిరుగుతోంది, కానీ దాటలేకపోతోంది. కాబట్టి ఇప్పుడే స్టార్టరు కొనకండి.

వోల్టుమీటరు (ఎడిసన్, న్యూజెర్సీ) – శనివారం మధ్యాహ్నం
గరిక గారి మాటకు అంకెలు జోడిస్తాను. విశ్రాంతిలో ఉన్న మంచి బ్యాటరీ 12.6 వోల్టులు చూపించాలి, 12.2 అంటే దాదాపు సగం ఖాళీ అయినట్టు. కానీ బరువు మోస్తున్నప్పుడు ఎంత చూపిస్తుందన్నదే అసలు పరీక్ష. మీ ఇంట్లో ఎవరినైనా సీటులో కూర్చోబెట్టి, బ్రేకు తొక్కించి, తాళం తిప్పించి, ఆ సమయంలో రెండు చోట్ల కొలవండి. ఒకటి, బ్యాటరీ రెండు కొనల మధ్య. రెండవది, మీటరు నల్ల తీగను బ్యాటరీ మైనస్ కొన మీద, ఎర్ర తీగను ఇంజను బాడీ మీద రంగు లేని లోహానికి ఆనించి. ఈ రెండవ కొలత సున్నాకు దగ్గరగా ఉండాలి, పావు వోల్టు దాటకూడదు. దాటితే ఎర్త్ కేబుల్ (బ్యాటరీ మైనస్ కొనను బండి ఫ్రేముకు కలిపే తీగ) దారిలో ఎక్కడో అడ్డు ఉన్నట్టే. మన వైపు ఎర్త్ అనే దాన్నే ఇక్కడి మెకానిక్కులు గ్రౌండ్ అంటారు, మాన్యువల్‌లో ఆ పేరుతోనే వెతకండి. కొలతలు చూసే వరకు కారు బ్యాటరీకి తీగలు కలిపి జంప్ ఇవ్వకండి. ఇవ్వక తప్పకపోతే కారు ఇంజను ఆపి ఇవ్వండి.

కొత్త ఇల్లు (ఆస్టిన్) – శనివారం సాయంత్రం
చర్చ మధ్యలో దూరుతున్నందుకు మన్నించండి. నా మోవర్ నిన్నటి నుంచి చప్పుడే చేయడం లేదు. బ్యాటరీ 12.7 ఉంది, ఫ్యూజు బాగుంది. గరిక గారు చెప్పిన మూడు స్విచ్చులలో బ్లేడు మీట అంటే పసుపుపచ్చని గుండీయేనా?

గరిక – శనివారం సాయంత్రం
అదేనండి. అది పైకి లాగి ఉంటే బ్లేడు పనిలో ఉన్నట్టు లెక్క, ఆ స్థితిలో స్టార్టరుకు కరెంటు వెళ్లదు. కిందికి నొక్కి, బ్రేకు పూర్తిగా తొక్కి చూడండి.

కొత్త ఇల్లు – శనివారం సాయంత్రం
స్టార్ట్ అయింది. మా అబ్బాయి ఆడుకుంటూ గుండీ పైకి లాగి ఉంచాడు. ఈ విషయం ఇంట్లో చెప్పదలచుకోలేదు.

ఎకరం నేల – ఆదివారం ఉదయం
వోల్టుమీటరు గారూ, కొలిచాను. తాళం తిప్పిన వెంటనే బ్యాటరీ 10.4 చూపించింది, ఇంజను ఆగిపోయిన క్షణంలో 8.9 కి పడింది. రెండవ కొలత నన్ను ఆశ్చర్యపరచింది: 0.9 వోల్టు. ఎర్త్ కేబుల్ వెంట వేలు పెట్టుకుంటూ వెళితే అది సీటు వెనక ఫ్రేముకు ఒకే బోల్టుతో బిగించి ఉంది. విప్పి చూస్తే వాషరు కింద తుప్పు, దాని కింద కంపెనీ వేసిన నల్ల రంగు అలాగే ఉన్నాయి. కేబుల్ కొన మీద పచ్చటి చిలుము పట్టి ఉంది. గరుకు కాగితంతో లోహం మెరిసేదాకా రుద్ది బిగించాక కొలత 0.1 కి వచ్చింది. ఇంక పని అయిపోయిందని సంతోషించాను. కానీ తాళం తిప్పితే అయిదు సార్లలో రెండు సార్లు దాటుతోంది, మూడు సార్లు అదే గోడకు కొట్టుకుంటోంది. ముందుకంటే నయమే, కానీ రోగం పోలేదు.

సత్వరం – ఆదివారం ఉదయం
అయితే స్టార్టరే అండి, సందేహం లేదు. లోపల బ్రష్షులు అరిగిపోయి ఉంటాయి.

పాత స్పానర్ (తెనాలి) – ఆదివారం ఉదయం
నమస్కారం. నేను నలభై ఏళ్లు ఆయిల్ ఇంజన్లు, పవర్ టిల్లర్లు బాగుచేసినవాణ్ణి. మా అల్లుడు ఈ చర్చ చూపించి "మామయ్యా, మీకేమైనా తోస్తుందా" అని అడిగాడు. మీ మోవర్‌ను నేను ఎన్నడూ ముట్టుకోలేదు, కానీ ఒంటి సిలిండరు ఎక్కడైనా ఒంటి సిలిండరే. ముందు ఒక పని చేయండి: స్పార్క్ ప్లగ్ విప్పేసి తాళం తిప్పండి. ప్లగ్ తీగను దూరంగా, లోహానికి ఆనించి ఎర్త్ అయ్యేటట్టు పెట్టాలి. ఎందుకంటే ఆ కన్నంలోంచి పెట్రోలు ఆవిరి వచ్చిందంటే నిప్పురవ్వ చాలు. ప్లగ్ లేకుండా ఇంజను గిర్రున తిరిగితే మీ బ్యాటరీ, స్టార్టరు రెండూ చాలావరకు నిర్దోషులు. పిస్టన్ పైకి వచ్చేటప్పుడు నొక్కే గాలిని దాటలేక ఆగుతోందని తేలుతుంది.

మా కాలంలో పొలాల్లో అయిదు హార్స్‌పవర్ ఆయిల్ ఇంజనును చేత్తో హ్యాండిల్ తిప్పి స్టార్ట్ చేసేవాళ్లం. దాని తల మీద ఒక చిన్న లివరు ఉంటుంది, డీకంప్రెషన్ లివర్ అంటాం. దాన్ని ఎత్తి పట్టుకుంటే వాల్వు కొద్దిగా తెరుచుకుని ఉంటుంది, లోపలి గాలి బయటికి పోతుంది కాబట్టి ఎంత బక్క మనిషైనా ఫ్లైవీలును తిప్పగలడు. వేగం అందుకున్నాక లివరు వదిలేస్తే 'డుగ్గు' మని అంటుకుంటుంది. లివరు ఎత్తకుండా తిప్పబోతే హ్యాండిల్ సగంలో ఆగి మణికట్టు విరగ్గొట్టినంత పని చేస్తుంది. మీరు రాసిన "గోడకు కొట్టుకున్నట్టు" అనే మాట చదవగానే నాకు ఆ హ్యాండిలే గుర్తుకొచ్చింది. మీ ఇంజనుకు లివరు బయట కనపడకపోయినా, తాళంతో తిరిగే ఒంటి సిలిండరుకు అలాంటి ఏర్పాటు ఏదో లోపల ఉండే తీరాలి. లేకపోతే అంత చిన్న స్టార్టరు దాన్ని తిప్పలేదు. అది పనిచేయడం లేదేమో చూడండి.

గరిక – ఆదివారం మధ్యాహ్నం
పాత స్పానర్ గారికి పాదాభివందనం. ఈ ఇంజన్లలో ఆ ఏర్పాటు ఉంది, వాల్వులను తెరిపించే క్యామ్ షాఫ్టు మీదే ఉంటుంది. క్యామ్ మీద చిన్న మెట్టు లాంటిది ఒకటి ఉండి, ఇంజను మెల్లగా తిరుగుతున్నప్పుడు గాలి నొక్కే సమయంలో వాల్వును వెంట్రుక వాసి ఎత్తుతుంది. ఆ ఎత్తు చాలా తక్కువ. వాల్వుకూ దాన్ని నొక్కే రాకర్ చేతికీ మధ్య ఉండవలసిన సందు, అంటే మన ట్యాపెట్ గ్యాప్, వాడకంతో పెరిగిపోయిందనుకోండి, ఆ మెట్టు ఎత్తే ఎత్తంతా సందులోనే కరిగిపోతుంది, వాల్వు కదలదు. అప్పుడు స్టార్టరు పూర్తి గాలి బరువును మోయవలసి వస్తుంది. పై వాల్వుల ఒంటి సిలిండరు మోవర్లలో ఇది బాగా ఎరిగిన జబ్బే. అయినా లక్షణం అచ్చం నీరసమైన బ్యాటరీలా ఉంటుంది కాబట్టి, జనం మొదట బ్యాటరీ, తరవాత సోలినాయిడ్, ఆ తరవాత స్టార్టరు, ఇలా వరసగా కొనుక్కుంటూ పోతారు. నేనూ ఒకసారి అలాగే మూడూ కొన్నాను.

ఒక్క హెచ్చరిక. ప్లగ్ విప్పినప్పుడు ఆ కన్నంలోంచి పెట్రోలు చిమ్మితేనో, ఆయిల్ పుల్లను వాసన చూస్తే పెట్రోలు కంపు కొడితేనో కథ వేరు. పెట్రోలును గాలితో కలిపే కార్బ్యురేటరులోని సూది మూసుకోక సిలిండరు నిండిపోయిందని అర్థం. అలాంటప్పుడు కూడా ఇంజను ఇలాగే ఆగుతుంది. ఆ స్థితిలో స్టార్టరుతో బలవంతం చేయకూడదు, ఆయిల్ మార్చాలి.

ఎకరం నేల – ఆదివారం సాయంత్రం
ప్లగ్ విప్పి తిప్పాను. పంకాలాగా తిరిగింది! పెట్రోలు చిమ్మలేదు, ఆయిల్ వాసన మామూలుగానే ఉంది. కన్నం మీద బొటనవేలు పెట్టి ఫ్లైవీలును చేత్తో తిప్పితే వేలిని గట్టిగా తన్నింది. అయితే గ్యాప్ చూడాలన్నమాట. ఇంతవరకు వాల్వు కవరు విప్పిన అనుభవం నాకు లేదు, క్రమం చెప్పగలరా?

గరిక – ఆదివారం రాత్రి
భయపడవలసిన పని కాదండి. ఇంజను పూర్తిగా చల్లగా ఉండాలి. బ్యాటరీ మైనస్ కేబుల్ ముందు తీసేయండి. ప్లగ్ బయటే ఉంచి, కవరు బోల్టులు విప్పితే రెండు రాకర్ చేతులు కనపడతాయి. ప్లగ్ కన్నంలోకి శీతల పానీయపు ప్లాస్టిక్ స్ట్రా ఒకటి దించి, ఫ్లైవీలును మెల్లగా చేత్తో తిప్పండి. రెండు వాల్వులూ మూసి ఉన్నప్పుడు స్ట్రా బాగా పైకి వచ్చి ఆగిన చోటే పిస్టన్ పైకొస. అక్కడ కొలవకూడదు, ఇదే చాలామంది చేసే పొరపాటు. ఆ చోట క్యామ్ మీది మెట్టు వాల్వును ఇంకా ఆనుకుని ఉండవచ్చు, కొలత తప్పుగా వస్తుంది. స్ట్రా మీద గుర్తు పెట్టుకుని, పిస్టన్ పావు అంగుళం కిందికి దిగేదాకా తిప్పి అప్పుడు సందు కొలిచే పలచటి రేకుల ఫీలర్ గేజ్ పెట్టండి. మీరు చెప్పిన తరగతి ఇంజనుకు సాధారణంగా గాలి, పెట్రోలు లోపలికి తీసుకునే ఇన్‌టేక్ 0.003 నుంచి 0.005 అంగుళం, పొగ బయటికి పంపే ఎగ్జాస్ట్ 0.005 నుంచి 0.007 అంగుళం ఉండాలి. అయినా మీ ఇంజను మీద అచ్చు వేసిన మోడల్ అంకెతో మాన్యువల్ చూసి సరిపోల్చుకున్నాకే బిగించండి.

పాత స్పానర్ – సోమవారం ఉదయం
ఒక్క మాట కలుపుతాను. గేజ్ రేకు సందులో జారేటప్పుడు వెన్నలో కత్తి దిగినట్టు తేలిగ్గా పోకూడదు, గుంజితే గానీ రానంత బిగువుగానూ ఉండకూడదు. పాత కాగితాల కట్టలోంచి ఒక కాగితం లాగినప్పుడు వేళ్లకు తెలిసే పట్టు ఉంటుంది చూడండి, అంత చాలు. లాక్ నట్టు బిగించేటప్పుడు మధ్య మర కూడా తిరిగి గ్యాప్ మారిపోతుంది కాబట్టి, బిగించిన తరవాత మళ్లీ కొలవాలి. మా దగ్గర పని నేర్చుకునే కుర్రాళ్లు ఈ రెండోసారి కొలవడమే ఎగ్గొట్టేవారు.

ఎకరం నేల – బుధవారం రాత్రి
ఆఫీసు అయ్యాక ఈ రోజు కూర్చున్నాను. కవరు తీయగానే ఇన్‌టేక్ రాకర్‌ను వేళ్లతో కదిపితే 'టిక్ టిక్' అని ఆడింది. గేజ్ పెడితే ఇన్‌టేక్ 0.012, ఎగ్జాస్ట్ 0.009! మా మాన్యువల్‌లో గరిక గారు చెప్పిన అంకెలే ఉన్నాయి. 0.004, 0.006 కు బిగించాను. పాత స్పానర్ గారు అన్నట్టే మొదటిసారి లాక్ నట్టు బిగించాక గ్యాప్ 0.002 కు పడిపోయింది, విప్పి మళ్లీ చేశాను. మూడోసారికి వేళ్లకు ఆ కాగితం పట్టు తెలిసింది. అన్నీ బిగించి తాళం తిప్పితే ఆగకుండా చక్కగా తిరుగుతోంది. ఆరేళ్లలో ఇంత తేలికగా తిరగడం నేను వినలేదు. అయితే తిరుగుతోందే గానీ అంటుకోవడం లేదు. అర నిమిషం తిప్పి ప్లగ్ విప్పి చూస్తే ఎండుగా ఉంది.

వోల్టుమీటరు – బుధవారం రాత్రి
అర నిమిషం ఏకధాటిగా తిప్పకండి, స్టార్టరు వేడెక్కి కాలిపోతుంది. అయిదు సెకన్లు తిప్పి, ఒక నిమిషం ఆగండి. ప్లగ్ ఎండుగా ఉందంటే పెట్రోలు సిలిండరు దాకా రావడం లేదు. కార్బ్యురేటరు గిన్నె కింద తీగ తగిలించిన చిన్న సోలినాయిడ్ ఉంటుంది. ఇంజను ఆపినప్పుడు పెట్రోలు దారి మూసే పని దానిది. తాళాన్ని మొదటి మెట్టుకు తిప్పినప్పుడు అది 'టిక్' మంటోందా? అంటే కరెంటు వెళుతోందనుకోవచ్చు. ఆ తరవాత అనుమానించవలసింది నవంబరు నాటి పెట్రోలునే.

ఎకరం నేల – గురువారం ఉదయం
సోలినాయిడ్ టిక్ మంటోంది. గిన్నె విప్పాను. రెండు చెంచాల ముదురు పసుపు ద్రవం, వార్నిష్ వాసన, అడుగున పాదరసంలా దొర్లే నీటి బొట్లు. మొన్నటి దాకా దీన్ని నేను పెట్రోలు అనుకున్నాను.

గరిక – గురువారం మధ్యాహ్నం
ఇక్కడి బంకుల్లో మామూలుగా దొరికే పెట్రోలులో 10 శాతం దాకా ఇథనాల్ ఉంటుంది. అది గాలిలోని తేమను పట్టుకుంటుంది. తేమ మరీ ఎక్కువైతే ఇథనాల్, నీరు కలిసి విడిపోయి అడుగుకు చేరతాయి. కార్బ్యురేటరులో మిగిలిన పెట్రోలు ఆవిరై జిగురు మిగులుస్తుంది, ఆ జిగురే పెట్రోలు వెళ్లే సన్నటి జెట్ కన్నాన్ని మూసేస్తుంది. ట్యాంకు పూర్తిగా ఖాళీ చేయండి, గిన్నెను, జెట్‌ను కార్బ్యురేటరు క్లీనరుతో కడగండి. జెట్‌లో గుండుసూది గుచ్చకండి, కన్నం పెద్దదవుతుంది. పాత కరెంటు తీగలోని ఒక రాగి పోగు చాలు. ఫ్యూయల్ ఫిల్టరు కూడా మార్చేయండి. వచ్చే నవంబరులో పెట్రోలు నిలవుండే మందు కలిపి, అది కార్బ్యురేటరు దాకా చేరేటట్టు పది నిమిషాలు ఇంజను నడిపి, అప్పుడు షెడ్డులో పెట్టండి. ఇథనాల్ 15 శాతం ఉన్న చవక పెట్రోలు మాత్రం ఈ ఇంజన్లకు ఎన్నడూ పోయకండి.

ఎకరం నేల – శనివారం మధ్యాహ్నం
మూడో ప్రయత్నానికి అంటుకుంది. మొదట తెల్లటి పొగ వచ్చి, ఒకసారి దగ్గి, తరవాత నిలకడగా నడిచింది. తాజా పెట్రోలు, కొత్త ఫిల్టరు, కొత్త ప్లగ్ అన్నీ కలిపి ముప్పై డాలర్ల లోపే అయ్యాయి. పాత బ్యాటరీని విడిభాగాల దుకాణంలో పరీక్ష చేయిస్తే నిజంగానే పోయిందన్నారు. కాబట్టి కొత్త బ్యాటరీ ఖర్చు వృథా కాలేదు, కానీ దాని వెనక ఇంకా మూడు రోగాలు దాక్కుని ఉన్నాయి: ఎర్త్ కేబుల్, ట్యాపెట్ గ్యాప్, పాత పెట్రోలు. ఏ ఒక్కటి బాగుచేసినా మిగతావి అడ్డుపడేవి, నేను బాగుచేసింది తప్పేమో అనుకునేవాణ్ణి. గడ్డిని డెక్కు అన్నిటికంటే పై మెట్టులో పెట్టి ఒకసారి, రెండు మెట్లు దించి అడ్డంగా ఇంకోసారి కోశాను. మనం వినాయక చవితికి ఏరి తెచ్చుకునే గరికనే ఇక్కడ బెర్ముడా అని పేరు పెట్టి, విత్తనం కొని, నీళ్లు పోసి పెంచుతున్నామని మా అమ్మగారు ఫోనులో విని చాలాసేపు నవ్వారు.

ఒక చిన్న సందేహం మిగిలింది. కోత అయ్యాక చూస్తే వాల్వు కవరు కింది అంచు వెంట ఆయిల్ చెమ్మ కనపడుతోంది. కారడం లేదు, తుడిస్తే గంటకు మళ్లీ వస్తోంది. ఇంకా బిగించమంటారా?

పాత స్పానర్ – శనివారం రాత్రి
బిగించవద్దు బాబూ. ఆ కవరు పలచటి రేకు, ఎక్కువ బిగిస్తే అంచు వంగి ఇంకా కారుతుంది. ఆయిల్ కారకుండా కవరు కింద పెట్టే పాత గ్యాస్కెట్‌నే మళ్లీ వేసి ఉంటారు. కొత్తది తెచ్చి, రెండు ముఖాలూ గుడ్డతో శుభ్రంగా తుడిచి, ఒక బోల్టు తరవాత దాని ఎదురు బోల్టు, ఇలా కొంచెం కొంచెంగా బిగించండి. ఎలాగూ కవరు తీస్తారు కాబట్టి గ్యాప్ ఒకసారి కొలిచి చూడండి. మొదటి కోత తరవాత ఏమైనా మారిందేమో నాకూ తెలుసుకోవాలని ఉంది.

ఎకరం నేల – ఆదివారం సాయంత్రం
గ్యాస్కెట్ మార్చాను, చెమ్మ ఆగింది. గ్యాప్ 0.004, 0.006. ఏమీ మారలేదండి.